ఆరో సీసాకు ఇరవైకి ఇరవై

దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల సొంత ఇల్లు కట్టుకోలేకపోయిన వాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకరికి జీతం చాలలేదు. ఒకరికి దళారి టోపీ పెట్టాడు. ఇంకొకరు కొన్న స్థలం అప్పటికే ఇద్దరికి అమ్మేసి ఉంది. చేతిదాకా వచ్చిన రెండు వందల గజాల స్థలాన్ని, ఒక ఆదివారం మధ్యాహ్నం, కిరాయి ఇంట్లో కుర్చీలో కూర్చుని, నోట్లో నాలుక తిప్పుతూ పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను. మీరు నిక్షేపంగా నవ్వుకోండి. మా ఆవిడ ఇప్పటికీ నవ్వదు, ఆమె వంతు కూడా మీరే నవ్వేయండి.

అవి ఎనభైల నడిమి సంవత్సరాలు. పొద్దున కాలేజీకి పోతూ చూసిన జొన్నచేను సాయంత్రం తిరిగొచ్చేసరికి కాలనీ అయిపోయేది. మరీ కోతలు కోస్తున్నాననుకుంటే మర్నాడు సాయంత్రం అనుకోండి. ముందు హద్దురాళ్ళు, తరవాత ఏదో ఒక దేవుడి పేరు రాసిన రేకు బోర్డు, ఆ వెనకే స్కూటర్ల మీద దళారులు. నేను ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్ని. పిల్లలకు పరీక్షనాళికలు అందించడం, ఏడాది చివర ప్రాక్టికల్స్‌లో ఇరవైకి ఇన్ని అని మార్కులు వేయడం నా పని. నేనూ మా ఆవిడ సుగుణా తెనాలి వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో బుచ్చిరెడ్డి గారింట్లో వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం.

బుచ్చిరెడ్డి గారు యాభై దాటిన మనిషి, రైతు. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఆయనకు నాలుగెకరాల ద్రాక్షతోట ఉండేది. తోటంతా అనాబెషాహి, అంటే పచ్చగా పొడుగ్గా ఉండే రకం. బావి పక్కన నాలుగు వరుసలు మాత్రం నల్లద్రాక్ష. చుట్టుపక్కల తోటలన్నీ ఒక్కొక్కటే ప్లాట్లయిపోతుంటే ఆయనా చివరికి సరేనన్నాడు. అందులో మూలమీది ముక్క మాకిస్తానని మాటిచ్చాడు. బయానా, అంటే అడ్వాన్సు, ఇచ్చాం. సోమవారం రిజిస్ట్రేషన్.

అయితే ఆ వారమంతా ఆయన మనసు మనసులో లేదు. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని గేటు నుంచి మా గడపదాకా, మా గడప నుంచి గేటుదాకా తిరిగేవాడు.

"తోట కొట్టాల్నంటె చెయ్యి ఒస్తలేదు సారూ," అన్నాడొకరోజు. "పందిరికి రాతి కడీలు నేను నా భుజం మీద మోసి పాతిన. అవ్వ రోజూ ఒకటే లొల్లి. తోట కొడితె నన్ను గూడ ఆడ్నే బొంద పెట్టు అంటున్నది."

అవ్వ అంటే ఆయన తల్లి. ముందు వాటాలోనే ఉండేది, ఎనభై ఏళ్ళ మనిషి, గొంతు మాత్రం ఇరవై ఏళ్ళది.

ఆయన అటూ ఇటూ తిరుగుతుంటే నాకు లోపల కాలు నిలిచేది కాదు. మాట మారుస్తాడేమో! స్థలం పోతుందేమో! కాలేజీలో పిల్లాడు ఆసిడ్ అడిగితే నీళ్ళిచ్చాను, నయం, నీళ్ళడిగినప్పుడు ఆసిడ్ ఇవ్వలేదు. సుగుణ సంగతి ఇంకా అన్యాయం. కిరాయి ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి, బంధువులు నాలుగు రోజులుంటే నీళ్ళ గురించి మాట పడాలి. పాపం ఆమె రూళ్ళ కాగితం మీద పెన్సిలుతో ఇల్లు గీసేది, చెరిపేది, మళ్ళీ గీసేది. ప్రతి బొమ్మలోనూ వంటగది పెద్దదయ్యేది, నా చదువుకునే గది చిన్నదయ్యేది. బుధవారానికల్లా నా గది పూర్తిగా మాయమైంది.

బుధవారమే బుచ్చిరెడ్డి గారు ఆ కబురు తెచ్చాడు.

"మా బామ్మర్ది ద్రాక్ష రైతులతోని కలిసి ఆస్ట్రేలియా పోయొచ్చిండు సారూ. ఆడ తోటలు చూసొచ్చిండు. ఆడ ద్రాక్షకెల్లి ఎర్ర వైన్ తీస్తరట. పోయినోళ్ళు తలా ఒక సీస సంచిల పెట్టుకొని ఒచ్చిన్రు. అయిదో ఆరో నా దగ్గర పెట్టిండు. ఏది మంచిదో ఏది కాదో నాకేం సమజైతది? మీరు చదువుకున్నోళ్ళు, మీకు గివన్ని ఎర్కుంటయి గద?"

బుద్ధి ఉన్నవాడెవడైనా ఇక్కడ "నాకు తెలియదండీ" అనేవాడు. అప్పటికి నేను వైన్ అనే పదార్థాన్ని కంటితో చూసి ఎరగను. కాని "చదువుకున్నోళ్ళు" అన్నాడే, ఆ మాట వినగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"తెలియకేం రెడ్డిగారూ, మా సబ్జెక్టే కదా!" అన్నాను.

నిజమే, ఆల్కహాలు మా సబ్జెక్టే. పుస్తకంలో.

"అయితె ఐతారం తెస్త. మా ఇంట్ల వద్దు, అవ్వ పరాయి సీస చూసిందంటె ఇల్లు పీకి పందిరేస్తది. మీ వాటల కూసుందాం. మీరు సక్కగ మార్కులెయ్యున్రి."

"వేస్తాను. కాని ఒక షరతు. సీసాల మీద పేర్లు నాకు కనిపించకూడదు. అన్నిటికీ పేపరు చుట్టి, మీద నంబర్లు వేసి తీసుకురండి. పేరు చూసి మార్కులు వేయడం నా వల్ల కాదు."

ఆ షరతు పెట్టింది నేనే. బుచ్చిరెడ్డి గారు నా ముఖంలోకి కాసేపు చూసి, "పేరు తెల్వకుంట... గిది మంచిగున్నది," అని తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తల ఊపడంలో ఏదో ఉందని నాకప్పుడు తట్టలేదు.

సుగుణకు చెబితే చేతిలో పెన్సిలు కింద పెట్టింది.

"ఏవండీ, వైన్ గురించి మీకేం తెలుసు?"

"నాలుగు రోజులుంది. నేర్చుకుంటాను."

"ఆయన అసలే ఊగిసలాడుతున్నాడు. సోమవారం సంతకం పడేదాకా ద్రాక్ష అనే మాట ఆయన ముందు ఎత్తకండి. ఎండల గురించి మాట్లాడండి. లేదంటే అసలు మాట్లాడకండి."

"ఆస్ట్రేలియా ద్రాక్షకూ మన స్థలానికీ ఏమిటి సంబంధం?"

"మీ నోటికీ ఊరుకోవడానికీ ఏమిటి సంబంధం?" అంది.

నేను వింటేనా! ఏనాడో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో దొరికిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి అటక మీద ఉండేది. దొరలు విందుల్లో ఎలా మసలుకోవాలో చెప్పే పుస్తకం. అందులో ఎర్ర వైన్ మీద ఏడు పేజీలు. గ్లాసు తిప్పాలట. వాసన చూడాలట. నోట్లో పోసుకుని గాలి పీల్చాలట. మింగకుండా ఉమ్మేయాలట. మంచి వైన్‌లో తోలు, పొగాకు, తడిమట్టి, లవంగం వాసనలు వస్తాయట. బట్టీ పట్టాను. వైన్ లేదు కాబట్టి చారు మీద సాధన మొదలుపెట్టాను. గ్లాసులో పోసి గిరగిరా తిప్పి, ముక్కు లోపల పెట్టి, నోట్లో పోసి గరగరలాడించేవాణ్ణి.

"చారెలా ఉందండీ?" అనడిగింది సుగుణ, శుక్రవారం.

"ఆరంభం బాగుంది. మధ్యలో కాస్త బరువుంది. ముగింపే తొందరగా అయిపోయింది."

"రేపట్నుంచి ఆరంభం కూడా ఉండదు," అని గిన్నె ఎత్తుకుపోయింది.

ఆదివారం రానే వచ్చింది. పొద్దుటి నుంచీ నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. అన్నం సయించలేదు. ఇస్త్రీ బల్ల మీద తెల్లదుప్పటి పరిచాను, గాజు గ్లాసులు తుడిచిందే తుడిచాను. కాగితం మీద గళ్ళు గీశాను. రంగుకు నాలుగు, వాసనకు ఆరు, రుచికి పది, వెరసి ఇరవై. ఉమ్మడానికి ఒక గిన్నె పెట్టాను.

"అది పప్పు గిన్నె," అంది సుగుణ.

"శాస్త్రం కోసం."

"శాస్త్రానికి మీ షేవింగ్ మగ్గు సరిపోతుంది," అని దాన్ని తెచ్చి పెట్టింది.

రెండింటికి బుచ్చిరెడ్డి గారు వచ్చాడు. ద్రాక్షపళ్ళ గంపలో ఆరు సీసాలు, ఒక్కొక్కదానికీ తెలుగు దినపత్రిక చుట్టి, పురికొసతో కట్టి, ఒకటి నుంచి ఆరు దాకా బొగ్గుతో నంబర్లు. ఆయన ముఖంలో కూడా నెమ్మది లేదు. కూర్చున్నవాడు లేచాడు, లేచినవాడు కిటికీలోంచి ముందు వాటా వైపు చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. "షురు జేద్దామా సారూ?" అని మూడుసార్లు అడిగాడు.

షురూ చేయడం అంత తేలికైతే ఇంకేం! బిరడాలు తీసే పనిముట్టు లేదని అప్పుడు గుర్తొచ్చింది. సైకిల్ సంచిలోంచి పట్టుకారు తెచ్చి, బిరడాలోకి ఒక మరమేకు తిప్పి లాగాను. మేకు వచ్చింది, బిరడా రాలేదు. రెండోసారి లాగితే సగం బిరడా వచ్చింది. మిగతా సగాన్ని చెంచా కాడతో పొడిస్తే లోపలికి పడింది. చివరికి టీ వడగట్టేదానితో వడగట్టాం. అయిదు సీసాలకూ ఇదే తతంగం. దుప్పటి మీద పెద్ద హత్య జరిగినట్టు మరకలు.

"ఆరోది ఇంటికాడ్నె తీసిన," అన్నాడు బుచ్చిరెడ్డి గారు.

మొదటి నంబరు గ్లాసులో పోసి తిప్పాను. కొంత నా చొక్కా మీద పడింది. మిగిలింది నోట్లో పోసుకున్నాను. అయ్య బాబోయ్! పచ్చి కరక్కాయ కొరికినట్టు నాలుక మొత్తం ముడుచుకుపోయింది. కళ్ళు మూసుకుని, పరీక్ష పెట్టే మేస్టారి ముఖం పెట్టి, షేవింగ్ మగ్గులో ఉమ్మేశాను.

"ఎట్లున్నది సారూ?"

"తోలు."

"ఏందీ?"

"తోలు వాసన. మంచి లక్షణం."

"చెప్పుల తోలా, డప్పు తోలా?"

"అది ఇంకా తేలలేదు. పన్నెండు మార్కులు."

"మార్కులు సరే గని, ఉమ్మేస్తున్నరేంది? గంత దూరంకెల్లి ఒచ్చింది!"

"పద్ధతి అదేనండీ. రుచి చూసేవాడు మింగకూడదు."

"మా పండు నోట్లె పెట్టుకొని ఉమ్మినోణ్ణి నేనైతె తోట గేటు దాటనియ్య," అన్నాడాయన, చాలా మామూలుగా.

రేపు సంతకం పెట్టాల్సిన మనిషి మాట అది. రెండో నంబరు సగం మింగాను. మూడో నంబరు నుంచి మొత్తం మింగాను. అన్నీ ఒకటే పులుపు, ఒకటే వగరు. కాని ఒకటే అంటే చదువు పరువేం కావాలి? రెండోదానికి పొగాకు అన్నాను, మూడోదానికి తడిమట్టి అన్నాను. నాలుగోదానికి లవంగం మాట గుర్తు రాక, మా లేబొరేటరీ అలమరా వాసన అన్నాను. అయిదోదానికి పది మార్కులు వేసి, "కుర్రతనం ఉంది, ఇంకా ఎదగాలి," అన్నాను. పొద్దున సరిగా తినని కడుపు. చెవులు వెచ్చబడ్డాయి, గోడ మీది క్యాలెండరు నాతో ఏదో చెప్పబోతున్నట్టు అనిపించింది. బుచ్చిరెడ్డి గారు మాత్రం చుక్క ముట్టుకోలేదు. గ్లాసు కంటే నా ముఖాన్నే ఎక్కువ చూస్తున్నాడు.

ఆరో నంబరు ఆయనే స్వయంగా పోశాడు.

నోట్లో పోసుకున్నాను. ఏమని చెప్పను! అయిదు సీసాల పాటు నాలుక పడిన కష్టమంతా ఒక్కసారిగా తీరింది. తియ్యగా, వెచ్చగా, గొంతు నిమురుతూ దిగింది. ఆ వెనకే ఘుమ్మని ఒక వాసన. పుస్తకంలో చెప్పిన నాలుగు వాసనల్లో ఇది నిజంగా, అబద్ధం లేకుండా, నా ముక్కుకు తగిలింది.

"లవంగం!" అని అరిచాను. "రెడ్డిగారూ, లవంగం వాసన!"

"గంతేనా సారూ? మంచిగున్నదా?" ఆయన కుర్చీ అంచుకు జరిగాడు.

"బాగుందా ఏమిటండీ! మిగతా అయిదూ దీని ముందు గ్లాసులు కడిగిన నీళ్ళు! ఇది నిన్నమొన్నటి వాళ్ళు చేసింది కాదు. తరతరాలుగా చేయి తిరిగినవాళ్ళ పని. ఆ మన్నులోనే ఏదో ఉంది!"

వంటింటి గుమ్మంలోంచి సుగుణ దగ్గింది. ఆమెకు దాహంగా ఉందనుకున్నాను.

"మార్కులెన్ని సారూ?"

"ఇరవైకి ఇరవై! నా సర్వీసులో ఎవరికీ వేయలేదు!"

సుగుణ ఈసారి చెంబు కింద పడేసింది. అది గట్టిగానే మోగింది. కాని అప్పటికి నేను ఎవరి మాటా వినే స్థితిలో లేను.

బుచ్చిరెడ్డి గారు కండువా చేతికి చుట్టుకున్నాడు. "అయితె సారూ... ఇసొంటి ద్రాక్ష పండే తోటను ఎవడన్న కొడ్తడా?"

"కొట్టేవాడు మనిషేనా!" అని ఇస్త్రీ బల్ల మీద గుద్దాను. "ఆ చెయ్యి పడిపోదూ!"

ఆయన లేచాడు. మెల్లగా పురికొస విప్పాడు. పేపరు ఊడదీశాడు. లోపల ఆస్ట్రేలియా లేదు. మామిడిపండు షర్బత్తు పాత సీసా ఉంది.

"గిది మా బావికాడి నల్లద్రాక్ష సారూ. అవ్వ జాడీల ఏసింది. చక్కెర, లవంగాలు, జర యాలకులు. అరుగుడుకని ప్రతి యాడాది ఏస్తది."

నేను సీసాను తిప్పి చూశాను. "అవ్వకు... సీసాలంటే పడదన్నారు కదా?"

"పరాయి సీసలు పడయి. తనది తాగుడు కాదు, కడుపుకు దవ అంటది." ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "మీరు పేరు తెల్వకుంట మార్కులేస్తనన్నరు గద, ఆ రోజే నేను, అవ్వ ఒక మాట అనుకున్నం. మనోళ్ళ మొగం సూడకుంట సారు పది మార్కులేస్తె తోట ఉంచుదాం, తక్కువొస్తె కొడదాం అని. మీరు ఇరవై ఏసిన్రు. వారం సంది నాకు అన్నం దిగలే సారూ. ఇయ్యాల మీరు నా పానం నిలవెట్టిన్రు."

మత్తు దిగిపోయింది. పూర్తిగా, ఒక్క చుక్క మిగలకుండా దిగిపోయింది.

"రెడ్డిగారూ, ఒక్క నిమిషం! మా కాలేజీలో రీవాల్యుయేషన్ ఉంటుంది!" గ్లాసు లాక్కుని ఇంకో గుక్క తాగాను. ఛీ, ఇంకా బాగుంది! "అబ్బే, పులుపండీ! లవంగం ఎక్కువైంది! రెండు... పోనీ మూడు మార్కులు!"

"ఎందుకు సారూ ఆగమైతరు? మీ నోరు మూడంటున్నది, మీ మొగం ఇంక ఇరవై అంటున్నది."

"మరి రేపటి రిజిస్ట్రేషన్?"

"తోటనే కొడ్తలేను, ఇగ రిజిస్ట్రేషన్ దేనికి? మీ బయానా పొద్దుగాల్లనే వాపస్ ఇస్త. మీరే అన్నరు గద, చెయ్యి పడిపోతదని!"

అంతలో అవ్వ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చేసింది. కిటికీ అవతలే నిలబడి అంతా విన్నట్టుంది. వచ్చి నా రెండు బుగ్గలూ పుణికి, "చల్లగుండు బిడ్డా, నీ నాలుకకు ఏం బెట్టినా తక్కువనే," అంది. ఆమె నవ్వుతూనే ఏడుస్తోంది. ఆ ముఖం చూశాక గ్లాసు బల్ల మీద పెట్టేశాను. అంత సంతోషం నా వల్ల ఎవరికైనా కలగడం అదే మొదలు, ఆ సంతోషం నా రెండు వందల గజాల మీద నిలబడి ఉందన్నదే బాధ.

వాళ్ళు వెళ్ళాక సుగుణ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆరో సీసా వంచి, గ్లాసులో రెండు వేళ్ళంత పోసుకుని, కళ్ళు మూసుకుని తాగింది.

"పద్దెనిమిది," అంది.

"ఏమిటి?"

"బాగుంది. ఇరవై వేయాల్సిందే. నా వంటగదికి రెండు మార్కులు కోసుకోండి," అని లేచి వెళ్ళి, లోపల తలుపేసుకుని ఏడ్చింది. ఆ రోజు నేను తలుపు బయట కూర్చుని పడిన సిగ్గు ఇప్పటికీ గుర్తే.

కథ ఇక్కడితో ఆగితే నేను అదృష్టవంతుణ్ణే. కాని బుచ్చిరెడ్డి గారు ఊరుకునే మనిషా? ఆస్ట్రేలియాను ఓడించిన అవ్వ జాడీ గురించి ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా చాటింపు వేశాడు. ఆదివారం వస్తే చాలు, ద్రాక్ష రైతులు పేపరు చుట్టిన సీసాలతో మా గుమ్మం ముందు కూర్చునేవాళ్ళు. ఒకరోజు దళారి ఒకడు వచ్చి రెండు చేతులూ జోడించాడు. "సారూ, మీకు దండం బెడ్త. మీరు మార్కులేసుడు బంద్ జెయ్యున్రి. తోట అడుగుదామని పోతె, సారు ఏమంటడో చూసి చెప్తం అంటున్రు. మా దందా ఖరాబైతున్నది!"

ఆ దళారే, నా పీడ వదిలించుకోవాలనో ఏమో, బడంగ్‌పేట దగ్గర ఒక రైతు స్థలం అమ్ముతున్నాడని చూపించాడు. తోట కాదు, మెట్ట చేలు, పేచీ లేదు. మాటలయ్యాయి, మళ్ళీ బయానా, మళ్ళీ సోమవారం రిజిస్ట్రేషన్. ఆదివారం ఆ పెద్దమనిషి మా ఇంటికొచ్చి, సంచిలోంచి పేపరు చుట్టిన సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "మా ఇంటెనక ఒక తీగ ఉన్నది. మీ పేరు ఇని మా ఇంటామె ఏసింది. జర చూసి చెప్పున్రి."

సుగుణ నా వైపు చూసింది. నేను సుగుణ వైపు చూశాను. పొగిడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఈసారి నేను మోసపోను! ఒక్క గుక్క తాగి, ముఖం చిట్లించి, షేవింగ్ మగ్గులో ఉమ్మేసి, గట్టిగా చెప్పాను: "సున్నా!"

పెద్దమనిషి సీసా సంచిలో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. గుమ్మంలో ఆగాడు.

"మా ఇంటామె చేతికి సున్నా ఏసినోనికి మా భూమి అమ్మ," అన్నాడు.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా నాలుకకు మార్కులు వేసే అధికారాన్ని ఈ క్షణం నుంచి శాశ్వతంగా రద్దు చేస్తున్నాను. భూమి ఉన్నవాడెవడైనా మా ఇంటికి వస్తే, దస్తావేజు మీద సంతకం పడి, సిరా ఆరి, రిజిస్ట్రారు ముద్ర గుద్దేదాకా, ఆయన చేత్తో ఇచ్చిన మంచినీళ్ళు కూడా నోట్లో పోసుకోను.